గడియారం మా దిక్కే

సోహార్ దాటినంక సముద్రం పక్కపొంటి
ఉప్పునీళ్లను మంచినీళ్లు జేసే కార్ఖాన.
దాని వెనక రెండు కంపెనీల నడుమ ఒక్కటే రేకు గోడ.
గోడకు పిడికిలంత బొక్క,
బొక్కల నుంచి మూడు మీటర్ల నీలి తీగె.
ఇవతల నా రౌటరు, అవతల మదార్‌వలీ రౌటరు.
లోకమంత ఫైబర్ మీద ఉరుకుతుంటె
అవతలి ముసలి పెట్టెకు సీరియల్ పోర్టు తప్ప వేరే నోరు లేదు.
ఏ ట్యాంకుకు ఎన్ని లీటర్లు పోయినయో
ఆ నోటితోనే చెప్పాలె.

ఆగస్టు రాత్రి. గాలిని పిండితె నీళ్లొస్తయి.
ముప్పై నాలుగు పిన్నులకు ఉప్పు పట్టిందని
పాత తీగె పీకి, స్టోర్లకెళ్లి ఇంకో తీగె తెచ్చి బిగించి
బస్సెక్కి పోయిండ్రు పగటి షిఫ్టోళ్లు.
స్క్రీన్ మీద ఒక్కటే ముచ్చట:
సీరియల్ జీరో అప్. లైన్ ప్రోటోకాల్ డౌన్.

నాకది కొత్త గాదు.
మూడు నెలల సంది మెస్సుల ఎదురెదురు బల్లల మీద
నేను, మదార్‌వలీ గట్లనే ఉన్నం.
ఆయనది రాయచోటి, నాది మెట్‌పల్లి.
"నీది తెలుగేనా?" అన్న ఒకనాడు, పప్పు వడ్డిస్తుంటె.
బల్లంత నవ్వింది.
ఆయన పళ్లెం పట్టుకొని లేచిపోయిండు.

సూపర్‌వైజర్ యాఖూబ్ ఫోన్ కలిపి
"మీరు మీరు చూసుకోండి" అని పక్కకు జరిగిండు.

తీగెకు రెండు కొసలు.
ఒక కొస కాలం చెప్తది, ఒక కొస వింటది.
ఇద్దరూ వింటమంటె ఒక్క అక్షరం కదలది.
ఏది ఏ కొసనో చెప్పే లేబులు
ఎవలి చెమటకో ఎప్పుడో చెరిగిపోయింది.

"గడియారం నువ్వియ్యాలె" అన్న.
"మా పక్క కాదబ్బా, మీ పక్కే సూడు."
గంటన్నర గడిచింది.
వాళ్ల కంపెనీని తిట్టిన, ఆ పెట్టె పుట్టిన సంవత్సరాన్ని తిట్టిన.
ఆఖరికి, మొదలే కొట్టవలసిన కమాండు కొట్టిన:
షో కంట్రోలర్స్.
ఒక్క వరసల ఉన్నది నా సంగతంత:
డీసీఈ కొస ఇదే. గడియారం పెట్టలే.

ఫోన్ల ఆ మాట చెప్పలే.
మెల్లగ, మీటలు సప్పుడు గాకుండ,
క్లాక్ రేట్ అరవై నాలుగు వేలు.
"ఇప్పుడేం జేస్తివి?" అన్నడు.
ఫోన్ల కంటె ముందు గోడల నుంచే వినబడ్డది.

అయినా లైన్ లేవలే.
లూప్‌బ్యాక్ పెట్టి చూసిన:
నా మాట నాకే తిరిగొచ్చింది, ఒక్క అక్షరం పోలే.
ఇగ తప్పు ఆయనదే అని కుర్చీల ఎనకకు ఒరిగిన.
ఒరిగినంక తెలిసింది,
తన మాట తనకు తిరిగొస్తె ఎవలికైనా గట్లనే ఉంటదని.

నా పెట్టెకు పుట్టుకతోని ఒక భాష ఉంటది.
దాని కంపెనీ పెట్టెలకే అది తెలుసు.
అవతలి ముసలిదానికి పీపీపీ ఒక్కటే వచ్చు.
పదేండ్ల సంది ఈ పని చేస్తున్న,
ఇది తెల్వక గాదు.
లూప్‌బ్యాక్ తీసేసిన.
ఎన్‌క్యాప్సులేషన్ పీపీపీ అని కొట్టి, ఎంటర్ మీద వేలు
జర సేపు ఆపిన. ఎందుకాపిన్నో.

లేచింది.
లీటర్ల లెక్క ఒక్కసారి దుమికి
మధ్యాహ్నం నుంచి పోయిన నీళ్లన్ని ఒప్పజెప్పింది.

ఇగ పది సెకండ్లకొకపారి అది అడుగుతనే ఉంటది,
ఉన్నవా, ఉన్నవా అని.
కొన్నిసార్లు జవాబు రాకుంటె
లేడని రాసుకుంటది.
నేను గోడ మీద రెండు దెబ్బలు కొట్టిన,
"గడియారం మా దిక్కే ఉండె" అన్న.
చాన సేపు ఏసీ సప్పుడే.
"ఉండాన్లేబ్బా" అన్నడు. "రెండైంది, పో, పండుకో."

పోయేముందు తీగె కొసకు తెల్ల టేపు చుట్టి
మార్కర్‌తోని రాసిన: గడియారం మా దిక్కే.
పొద్దున డ్యూటీకొచ్చే రోడెల్‌కు తెలుగు రాదని యాదికొచ్చి
కింద చిన్న గడియారం బొమ్మ గీసిన,
ముల్లులు రెండు దగ్గర.